ఐఆర్‌లో వేసినవాడు ఎప్పుడు తిరిగొస్తాడు? ఆటల లెక్క, 21 రోజుల గడువు, పప్ తిరకాసు

గోదావరి గట్టు
అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒకణ్ణి ఇంజర్డ్ రిజర్వ్‌లో (ఐఆర్, గాయపడ్డవాళ్ళ జాబితా) వేశారంటే కనీసం ఎన్నాళ్ళు బయట కూర్చోవాలి? ఒకచోట మూడు వారాలని, ఇంకోచోట నాలుగు ఆటలని, పాత వ్యాసాల్లో ఎనిమిది వారాలని ఉంది. బై వీక్ (జట్టుకి ఆట లేని వారం) ఆ లెక్కలో కలుస్తుందా? "తిరిగి ప్రాక్టీస్‌కి పిలిచారు" అని వార్త వస్తే ఆ ఆదివారమే దిగుతాడనుకోవచ్చా? పప్ లిస్టుకీ దీనికీ తేడా ఏంటి? కాస్త విడమరిచి చెప్పండి.

ఎండ్‌జోన్ ఏడుకొండలు
మూడు అంకెలూ నిజమే, ఏడాదులే వేరు. 2012కి ముందు ఐఆర్ అంటే ఆ సీజన్‌కి దండం పెట్టేయడమే. 2012లో జట్టుకి ఒక్కడికి మినహాయింపు ఇచ్చారు: ఆరు వారాల తర్వాత ప్రాక్టీస్, ఎనిమిది వారాల తర్వాత ఆట. మీరు చూసిన "ఎనిమిది" అక్కడిది. పైగా ఐఆర్‌లో వేసే రోజే "వీడే తిరిగొచ్చేవాడు" అని చెప్పేయాలి. 2016లో ఆ షరతు తీసేశారు, 2017లో ఇద్దరికి పెంచారు. కోవిడ్ ఏడాది 2020లో తలుపులు బార్లా తెరిచారు: మూడు వారాలు చాలు, ఎంతమందైనా రావచ్చు. 2021లోనూ అదే నడిచింది. మీ "మూడు వారాలు" ఆ రెండేళ్ళవి.

2022 నుంచి ఉన్నది ఇది: కనీసం నాలుగు ఆటలు తప్పాలి, జట్టు మొత్తానికి సీజన్‌లో ఎనిమిది పునరాగమనాలు. ఒకే ఆటగాడు రెండుసార్లు ఐఆర్‌కి వెళ్ళి రెండుసార్లు రావచ్చు, కానీ ఎనిమిదిలో రెండు ఖర్చవుతాయి. 2024లో ప్లేఆఫ్‌కి చేరిన జట్లకి అదనంగా ఇంకో రెండు ఇచ్చారు.

పాత వ్యాసం చదివేముందు దాని తేదీ చూడండి. ఈ నియమం మారినన్నిసార్లు మన సిటీ బస్సు రూట్లు కూడా మారలేదు.

థర్డ్ అండ్ లాంగ్
బై వీక్ కలుస్తుంది కదా అన్నా? నాలుగు వారాలంటే నాలుగు వారాలే.

స్నాప్ కౌంట్
కలవదు. ఆటలే లెక్క, వారాలు కావు. 2024లో మయామీ క్వార్టర్‌బ్యాక్ (బంతి అందించి ఆట నడిపేవాడు) టువా టాగోవైలోవా సంగతి చూడండి. సెప్టెంబర్ 12 గురువారం బఫెలోతో ఆటలో తలకి దెబ్బ, కన్‌కషన్. 17న ఐఆర్. తర్వాత మయామీ ఆటలు ఇవి:

మూడో వారం సియాటెల్
నాలుగో వారం టెనెసీ
ఐదో వారం న్యూ ఇంగ్లండ్
ఆరో వారం బై
ఏడో వారం ఇండియానాపొలిస్

నాలుగు ఆటలు పూర్తవడానికి ఐదు వారాలు పట్టింది. ఎనిమిదో వారం, అక్టోబర్ 27న అరిజోనా మీద దిగాడు. బై కలిసేదైతే ఇండియానాపొలిస్ ఆటకే వీలుండేది.

తిరగేసి కూడా చూడాలి. మధ్యలో గురువారం ఆట ఉంటే గడువు కుదించుకుపోతుంది. శనివారం ఐఆర్‌లో వేసి మూడు ఆదివారాలు, ఆ వెంటనే వచ్చే గురువారం ఆడేస్తే నాలుగో ఆట 19వ రోజుకే అయిపోతుంది. కాబట్టి ముందు ఆ జట్టు క్యాలెండర్ తెరవండి, బై ఎక్కడుందో, గురువారం ఎక్కడుందో చూడండి, తర్వాతే వేళ్ళు లెక్కపెట్టండి.

గోదావరి గట్టు
ఇది కొత్త విషయం. మరి గాయపడి జట్టులోనే ఉండి ఆడని ఆటలు? అవీ కలుస్తాయా?

స్నాప్ కౌంట్
కలవవు. ఐఆర్ కాగితం మీదకి ఎక్కిన తర్వాత తప్పిన ఆటలే లెక్క. శాన్ ఫ్రాన్సిస్కో నైనర్స్ రన్నింగ్ బ్యాక్ (బంతితో పరిగెత్తేవాడు) క్రిస్టియన్ మకాఫ్రీ 2024నే తీసుకోండి. పిక్క, అకిలీస్ (మడమ వెనక స్నాయువు) ఇబ్బందితో మొదటి వారం ఆడలేదు, కానీ అప్పుడు జట్టు 53 మందిలోనే ఉన్నాడు, ఆ రోజు ఇనాక్టివ్ (ఆటకి దిగనివాళ్ళ జాబితాలో) అంతే. సెప్టెంబర్ 14 శనివారం ఐఆర్‌లో వేశారు. లెక్క మొదలైంది 15న మిన్నెసోటా ఆటతో. మొదటి వారం ముందే ఐఆర్‌లో వేసి ఉంటే ఒక ఆట కలిసొచ్చేది. రేపో మాపో దిగుతాడన్న ఆశతో ఆగారు, ఆ ఆట లెక్కలోంచి జారిపోయింది.

శనివారం అనడంలో ఒక కిటుకు ఉంది. ఆదివారం ఆట లెక్కలోకి రావాలంటే ముందురోజు సాయంత్రం 4 గంటలు, అమెరికా ఈస్టర్న్ టైమ్ లోపు కాగితం వెళ్ళాలి. ఐఆర్ నుంచి తెచ్చుకునేవాడికీ అదే గడువు. మనకి ఇక్కడ ఆదివారం తెల్లవారుజామున ఒంటిగంటన్నర, నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారం వెనక్కి తిప్పాక రెండున్నర. శనివారం రాత్రి పదింటికి "ఇంకా యాక్టివేట్ చెయ్యలేదే (ఐఆర్ నుంచి 53లోకి తేలేదే)" అని కంగారుపడి మీ ఫాంటసీ జట్టులో (నిజం ఆటగాళ్ళతో మీరు కట్టుకునే ఊహా జట్టు) వాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టేయకండి.

డాలస్ బాబాయ్
అసలు నాలుగు ఆటలు బలవంతంగా కూర్చోబెట్టడం ఎందుకో తెలిస్తే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. ఇది వైద్యానికి సంబంధించిన నియమం కాదు, కుర్చీకి సంబంధించినది. జట్టులో 53 కుర్చీలు. ఆట రోజు అందులో 48 మందే దిగాలి, అదీ ఎనిమిది మంది అఫెన్సివ్ లైన్‌మెన్ ఉంటేనే. లేకపోతే 47. మిగిలిన ఐదుగురూ ఇనాక్టివ్. ఆట మొదలవడానికి 90 నిమిషాల ముందు వచ్చే జాబితా అదే.

ఇప్పుడు రిసీవర్‌కి తొడ వెనక హామ్‌స్ట్రింగ్ పట్టేసింది, రెండు వారాలు పడుతుందన్నారనుకోండి. ఐఆర్‌లో వేయరు. ఆ ఐదు ఇనాక్టివ్ చోట్లలో ఒకటి వాడికిచ్చి ఊరుకుంటారు. ఐదారు వారాలంటే ఐఆర్, కుర్చీ ఖాళీ, ఇంకొకణ్ణి తెచ్చుకుంటారు. చిక్కంతా "మూడు నాలుగు వారాలు" అన్నప్పుడే. అప్పుడు జనరల్ మేనేజర్ చూసేది ఎక్స్‌రే కాదు, ఆ పొజిషన్లో ఇంకెంతమంది మిగిలారు, ఎనిమిదిలో ఎన్ని వాడేశాం, బై ఎప్పుడు అని. ఐదుగురు ఇనాక్టివ్‌లూ గాయపడ్డవాళ్ళే అయితే కోచ్‌కి ఆ వారం ఎవరిని దింపాలన్న ఎంపికే ఉండదు. ఉన్నవాళ్ళందరూ దిగాల్సిందే.

నెలలో నయమయ్యే గాయానికి సీజన్ అంతా కూర్చోబెడితే అన్యాయం. మరీ వదులు చేస్తే బాగున్నవాణ్ణి కూడా గాయం వంకతో దాచేస్తారు. ఆ రెంటి మధ్య తూకం కోసమే ఇన్నిసార్లు సవరించారు.

వేవర్ వైర్ వెంకీ
ప్రాక్టీస్ స్క్వాడ్ సంగతి కూడా కలపండి బాబాయ్, లేకపోతే సగమే చెప్పినట్టు. 16 మంది ఉంటారు. వాళ్ళలోంచి ఆటకి ఇద్దరిని పైకి లేపుకోవచ్చు, కాంట్రాక్ట్ మార్చక్కర్లేదు, ఆట అయ్యాక వాళ్ళంతట వాళ్ళే కిందికి పోతారు. కానీ ఒక్కో ఆటగాడికి సీజన్‌లో మూడుసార్లే. నాలుగోసారి కావాలంటే 53లోకి తీసుకోవాలి, అంటే ఇంకొకణ్ణి తీసేయాలి. గాయపడ్డవాడు నాలుగు ఆటలు బయట, బదులువాడు మూడుసార్లు పైకి. ఆ నాలుగో ఆట దగ్గరే జట్లు ఇరుక్కుంటాయి.

వేరే జట్టు ప్రాక్టీస్ స్క్వాడ్ నుంచి తెచ్చుకుంటే ఇంకో మెలిక: నేరుగా 53లోకే రావాలి, మూడు వారాల జీతం ఖాయం. టువా పడిపోగానే మయామీ బాల్టిమోర్ ప్రాక్టీస్ స్క్వాడ్ నుంచి టైలర్ హంట్లీని తెచ్చుకుంది ఇలాగే.

థర్డ్ అండ్ లాంగ్
సరే, బై విషయంలో నాదే తప్పు. 21 రోజుల గొడవేంటి?

ఎండ్‌జోన్ ఏడుకొండలు
నాలుగు ఆటలు అయ్యాక జట్టు ఎప్పుడంటే అప్పుడు "రేపట్నుంచి ప్రాక్టీస్ చేస్తాడు" అని లీగ్‌కి చెప్పొచ్చు. చెప్పిన రోజు నుంచి 21 రోజులు. ఆ మూడు వారాలూ అందరితో కలిసి ప్రాక్టీస్ చేస్తాడు, 53లో మాత్రం లెక్క కాడు. అంటే 54వ కుర్చీ ఉచితం. ఆలోపు యాక్టివేట్ చేస్తే సరి. చేయకపోతే ఆ సీజన్‌కి ఇక రాడు.

దీనికి క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్ 2023 కంటే మంచి ఉదాహరణ లేదు. జెట్స్ జట్టుకి సెప్టెంబర్ 11న మొదటి ఆట, నాలుగు స్నాప్‌లకే (బంతి నాలుగుసార్లు అందుకునేసరికే) అకిలీస్ తెగింది. నవంబర్ 29న ప్రాక్టీస్ కిటికీ (ఆ 21 రోజుల గడువుని అలా అంటారు) తెరిచారు. డిసెంబర్ 20కి 21 రోజులు నిండాయి. అప్పటికి జెట్స్‌కి ప్లేఆఫ్ ఆశలు పోయాయి, దింపే ఉద్దేశమూ లేదు. అయినా 20న 53లోకి తీసుకున్నారు. ఎందుకు? తీసుకోకపోతే ప్రాక్టీస్ చేయడానికి వీల్లేదు కాబట్టి. ఆ కుర్చీ కోసం ఫుల్‌బ్యాక్ నిక్ బాడెన్‌ని వేవర్స్‌లో (వేరే జట్లు తీసుకునేందుకు వదిలేసేవాళ్ళ జాబితా) పెట్టారు. ఆడనివాడి ప్రాక్టీస్ కోసం ఆడేవాడి కుర్చీ లాగేశారు. నియమం తప్పలేదు, న్యాయం సంగతి మీరే చెప్పండి.

డాలస్ బాబాయ్
దాని పక్కన టెనెసీ రన్నింగ్ బ్యాక్ డెరిక్ హెన్రీ లెక్క పెట్టి చూడండి, కిటికీ ఎప్పుడు తెరవాలో టెనెసీ వాళ్ళకి బాగా తెలుసు. 2021 అక్టోబర్ 31న పాదం ఎముక విరిగింది. కిటికీ తెరిచింది 2022 జనవరి 5న. అంటే 26 దాకా గడువు. మధ్యలో రెగ్యులర్ సీజన్ చివరి ఆట ఒకటి, తర్వాత మొదటి సీడ్‌గా ప్లేఆఫ్‌లో ఒక వారం విరామం. జనవరి 22 ఆటకి ముందురోజు 21న యాక్టివేట్ చేశారు. పదహారు రోజులు కుర్చీ ఖర్చు లేకుండా ప్రాక్టీస్ చేయించుకున్నారు. సిన్సినాటీ చేతిలో ఓడారనుకోండి, అది వేరే.

గట్టుగారి ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది. కిటికీ తెరిచారంటే ఆ ఆదివారం దిగుతాడని కాదు. బుధ, గురు, శుక్రవారాల ప్రాక్టీస్ రిపోర్టు చూడండి. మూడు రోజులూ పూర్తిగా చేశాడంటే ఆశ పెట్టుకోవచ్చు. "లిమిటెడ్" అనే ఉంటే ఇంకో వారం. అసలు గట్టి కబురు శనివారం యాక్టివేషనే.

నైనర్ నర్సాపురం
మకాఫ్రీ మిగతా కథ కూడా చెప్పాలిగా. అక్టోబర్ 6 అరిజోనా ఆటతో నాలుగూ అయిపోయాయి. నియమం ప్రకారం మర్నాడే కిటికీ తెరవొచ్చు. కానీ తెరిచింది నవంబర్ 4న, తొమ్మిదో వారం బై అయ్యాక. 9న యాక్టివేషన్, 10న టాంపాలో ఆట. సరిగ్గా నాలుగు ఆటలాడి డిసెంబర్ 1న బఫెలో మంచులో మోకాలు పోయింది, పీసీఎల్ అనే లిగమెంట్ గాయం. 2న మళ్ళీ ఐఆర్. మిగిలినవి ఐదు ఆటలు. నాలుగు తప్పితే చేతికి మిగిలేది చివరి వారం ఒక్కటే. రెండోసారి రావడానికి నియమం ఒప్పుకుంటుంది, క్యాలెండర్ ఒప్పుకోదు.

నాలుగు ఆటలు కనీసం మాత్రమే, గరిష్ఠం కాదు. "నాలుగు అయ్యాయి కదా ఏడీ" అని ప్రతివారం అడిగేవాళ్ళకి ఇదే జవాబు.

గోదావరి గట్టు
ఇప్పుడు పప్ చెప్పండి. పేరు వింటే కుక్కపిల్ల గుర్తొస్తోంది.

పంట్ రిటర్న్ పద్మ
పేరు ముద్దుగానే ఉంటుంది, నియమం కాదు. ఫిజికల్లీ అనేబుల్ టు పెర్ఫార్మ్ అన్న మాటకి పొడి అక్షరాలు. పాత ఫుట్‌బాల్ గాయంతో ట్రెయినింగ్ క్యాంప్ మొదలయ్యేనాటికి వైద్య పరీక్ష దాటలేనివాడి కోసం. రెండు దశలు. క్యాంప్ నడిచినన్నాళ్ళూ యాక్టివ్ పప్: క్యాంప్‌లో ఉండే 90 మందిలో లెక్కే, పరీక్ష దాటిన రోజు బయటికి రావచ్చు. ఆగస్టు చివర జట్టుని 53కి కుదించేటప్పుడు ఇంకా అందులోనే ఉంటే రిజర్వ్ పప్‌కి మారుస్తారు: 53లో లెక్క కాడు, మొదటి నాలుగు ఆటలు ఆడకూడదు. 2022కి ముందు ఆరు ఉండేవి.

ముఖ్యమైన మెలిక ఇది. క్యాంప్‌లో ఒక్కరోజు ప్రాక్టీస్ చేసినా పప్ తలుపు మూసుకుపోతుంది. మళ్ళీ వెళ్ళలేడు. అందుకే జులైలో అనుమానం ఉన్న ప్రతివాణ్ణీ జట్లు ముందు పప్‌లో వేసి, బాగున్నాడనుకున్నాక తీస్తాయి. "జులైలో పప్‌లో వేశారు, పనైపోయింది" అని గుండెలు బాదుకోవద్దు. భయపడాల్సింది ఆగస్టు చివర ఇంకా అందులోనే ఉంటే.

పప్ నుంచి వచ్చినవాడు ఆ ఎనిమిదిలో లెక్క కాడు. జట్లకి దాని మీద అంత మోజు అందుకే. క్లీవ్‌లండ్ నిక్ చబ్ 2023 సెప్టెంబర్‌లో మోకాలు పోగొట్టుకుని 2024 సీజన్ పప్‌తోనే మొదలుపెట్టాడు, ఏడో వారం అక్టోబర్ 20న దిగాడు. దానివల్ల క్లీవ్‌లండ్ బ్రౌన్స్‌కి ఎనిమిదిలో ఒక్కటీ తగ్గలేదు.

ఎన్‌ఎఫ్‌ఐ అని ఇంకో లిస్టు ఉంది, ఫుట్‌బాల్‌కి సంబంధం లేని గాయం లేదా జబ్బు. ఇంట్లో మెట్ల మీంచి జారిపడ్డా, వేసవిలో బాస్కెట్‌బాల్ ఆడుతూ కాలు విరగ్గొట్టుకున్నా ఇందులోకే. తేడా జేబులో తెలుస్తుంది: పప్‌లో జీతం పూర్తిగా ఇవ్వాలి, ఎన్‌ఎఫ్‌ఐలో ఇచ్చి తీరాలని లేదు.

థర్డ్ అండ్ లాంగ్
ఐఆర్‌లో ఉంటే జీతం?

పంట్ రిటర్న్ పద్మ
మామూలుగా పూర్తి జీతమే. 2025లో కొత్త కుర్రాడి కనీస జీతం 8,40,000 డాలర్లు, 18 వారాలకి పంచితే వారానికి దాదాపు 46,667. ఐఆర్‌లో కూర్చున్నా అదే వస్తుంది. అయితే చిన్న కాంట్రాక్టుల్లో చాలావాటికి "స్ప్లిట్" ఉంటుంది. గాయంతో రిజర్వ్‌కి వెళ్తే తక్కువ మొత్తం అని ముందే రాసి ఉంటుంది. పెద్దవాళ్ళకి ఆట ఆటకీ ఇచ్చే రోస్టర్ బోనస్ ఉంటే అది ఆగిపోతుంది. జట్టు వైపు నుంచి చూస్తే ఐఆర్‌లో ఉన్నవాడి జీతం శాలరీ క్యాప్ (జట్టు మొత్తం జీతాల మీద లీగ్ పెట్టిన పరిమితి) లెక్కలోనే ఉండిపోతుంది. కుర్చీ ఖాళీ అవుతుంది, డబ్బు కాదు. సెప్టెంబర్‌లో క్యాప్ అంచుదాకా ఖర్చు పెట్టేసిన జట్టు నవంబర్‌లో బదులువాళ్ళని తెచ్చుకోలేక తల పట్టుకునేది ఇక్కడే.

వేవర్ వైర్ వెంకీ
ఆగస్టు కుదింపు రోజు మాయ కూడా రాయాలి. 90 నుంచి 53కి ఒకే దెబ్బలో, మంగళవారం సాయంత్రం 4 గంటలకి. 2025లో ఆగస్టు 26. పాత రూల్లో ఆ గడువుకి ముందే ఐఆర్‌లో వేస్తే సీజన్ గోవిందా. తిరిగి రావాలంటే ముందు 53లో పేరుండి, తర్వాత ఐఆర్‌కి వెళ్ళాలి. 2023లో రిసీవర్ కూపర్ కప్‌ని రామ్స్ అలాగే నడిపారు: 53లో ఉంచి, సెప్టెంబర్ 9న ఐఆర్, నాలుగు ఆటలు తప్పి ఐదో వారం దిగాడు.

మరి ఆ ఒకటి రెండు రోజులు కుర్చీ ఎక్కణ్ణుంచి వస్తుంది? నాలుగు సీజన్లు దాటిన ఒక అనుభవజ్ఞుణ్ణి తీసేస్తారు. ఆ దశలో వాడికి వేవర్స్ ఉండవు, నేరుగా స్వేచ్ఛ, కాబట్టి ఇంకో జట్టు లాక్కునే క్యూ లేదు. "రెండ్రోజులాగు, మళ్ళీ పిలుస్తాం" అని నోటిమాట. గాయపడ్డవాణ్ణి ఐఆర్‌లో వేసి, ఇతన్ని మళ్ళీ సంతకం పెట్టిస్తారు. నోటిమాటే కాబట్టి మధ్యలో వేరేవాళ్ళు ఎక్కువిస్తామంటే వెళ్ళిపోవచ్చు. కొందరిని మొదటి వారం ఆట అయ్యేదాకా ఆపుతారు కూడా. మొదటి వారం 53లో ఉన్న అనుభవజ్ఞుడు ఆ ఏడాది మూల జీతం మొత్తం అడిగే హక్కు సంపాదిస్తాడు మరి.

2024 నుంచి ఈ తతంగం కొంత తగ్గింది. కుదింపు రోజే ఇద్దరిని "తిరిగొస్తారు" అని చెప్పి నేరుగా ఐఆర్‌లో వేయొచ్చు. కాకపోతే చెప్పిన క్షణంలోనే ఎనిమిదిలోంచి రెండు కొట్టేస్తారు, వాళ్ళు తిరిగొచ్చినా రాకపోయినా. మూడోవాడు కావాలంటే పాత దారే.

గోదావరి గట్టు
"వేవ్డ్ ఇంజర్డ్" అని కనిపిస్తుంది ఆగస్టులో, అది?

వేవర్ వైర్ వెంకీ
క్యాంప్‌లో గాయపడ్డ చిన్న కుర్రాడు, నాలుగు సీజన్లు నిండనివాడు. నేరుగా ఐఆర్‌లో వేయకుండా గాయం ముద్రతో వేవర్స్‌లో పెడతారు. ఎవరూ తీసుకోకపోతే అదే జట్టు ఐఆర్‌కి తిరిగొస్తాడు. అప్పుడు చాలాసార్లు "ఇన్ని వారాల జీతం తీసుకో, వెళ్ళిపో" అని ఇంజరీ సెటిల్‌మెంట్. నాలుగు వారాల్లో నయమయ్యే కుర్రాడికి ఇది మంచిదే, సీజన్ అంతా ఒకేచోట ఇరుక్కోకుండా ఇంకో జట్టులో ఆడొచ్చు.

నైనర్ నర్సాపురం
ఐపీఎల్‌తో పోల్చేవాళ్ళకి ఒక్క మాట. అక్కడ గాయపడ్డవాడికి బదులు ఇంకొకణ్ణి తీసుకుంటే అసలువాడు ఆ సీజన్‌కి తిరిగి రాడు. అంటే 2012కి ముందు ఎన్‌ఎఫ్‌ఎల్ ఐఆర్ ఎలా ఉండేదో అలాగన్నమాట.

ఇంకోటి, క్వార్టర్‌బ్యాక్‌కి మాత్రం వేరే ఏర్పాటు ఉంది. 2023 జనవరి 29న ఫిలడెల్ఫియాలో మా నైనర్స్‌కి బ్రాక్ పర్డీ మోచెయ్యి పోయింది, బదులు వచ్చిన జాష్ జాన్సన్‌కి కన్‌కషన్, చివరికి మోచెయ్యి పనిచేయని పర్డీనే మళ్ళీ దిగాల్సొచ్చింది. ఆ దెబ్బకి ఆ ఏడాది నుంచే అత్యవసర మూడో క్వార్టర్‌బ్యాక్ నియమం తెచ్చారు. 48లో లెక్క కాడు, ముందున్న ఇద్దరూ గాయంతోనో బహిష్కరణతోనో పోతేనే దిగాలి.

థర్డ్ అండ్ లాంగ్
యాక్టివేట్ చేస్తే ఎవణ్ణో తీసేయాలి కదా. ఆ తీసేసినవాణ్ణి ప్రాక్టీస్ స్క్వాడ్‌కి తెచ్చుకోవడం సులభమేనా?

స్నాప్ కౌంట్
నవంబర్ మొదట్లో వచ్చే ట్రేడ్ (జట్ల మధ్య ఆటగాళ్ళ మార్పిడి) గడువు దాటాక కష్టం. అప్పటిదాకా నాలుగు సీజన్లు దాటినవాళ్ళు వేవర్స్ లేకుండా పోతారు, మళ్ళీ పిలుచుకోవచ్చు. గడువు తర్వాత పాతవాడైనా కొత్తవాడైనా అందరూ వేవర్స్ గుండా వెళ్ళాల్సిందే. మర్నాడు సాయంత్రం 4 దాకా ఏ జట్టైనా పట్టుకోవచ్చు, గెలుపులు తక్కువున్న జట్టుకి ముందు అవకాశం. అందుకే నవంబర్, డిసెంబర్‌లో కొన్ని జట్లు కిటికీ చివరి రోజుదాకా లాగుతాయి. వాడు సిద్ధంగా లేక కాదు, తీసేయాల్సిన లైన్‌బ్యాకర్ పక్క జట్టుకి పోతాడన్న భయం.

డాలస్ బాబాయ్
ఫాంటసీ ఆడేవాళ్ళకి ఒక ముక్క. యాప్‌లో ఉండే ఐఆర్ చోటు వేరు, లీగ్ ఐఆర్ వేరు. కొన్ని యాప్‌లు "అవుట్" అన్నవాణ్ణి కూడా అందులో పెట్టనిస్తాయి. కిటికీ తెరిచినా యాక్టివేట్ అయ్యేదాకా హోదా ఐఆరే, కాబట్టి ఆ 21 రోజులూ హాయిగా అక్కడే ఉంచుకోవచ్చు. శనివారం యాక్టివేషన్ పడగానే ఆ చోటు చెల్లదు. వాణ్ణి బయటికి తీసేదాకా కొత్తవాణ్ణి చేర్చుకోనివ్వదు. ఆదివారం ఉదయం అందరూ అరిచేది దీని గురించే.

గోదావరి గట్టు
అర్థమైంది బాబాయ్. ఒకసారి నా లెక్క సరిచూడండి. ఏడో వారం ఆట అయ్యాక మంగళవారం ఐఆర్‌లో వేశారు, తొమ్మిదో వారం బై. తప్పేవి 8, 10, 11, 12. పదమూడో వారం మొదట్లో కిటికీ తెరవొచ్చు, ఆ ఆదివారమే దిగొచ్చు కూడా. సరేనా?

స్నాప్ కౌంట్
సరే. పన్నెండో వారం వాళ్ళ ఆట సోమవారం రాత్రి అయితే మాత్రం కిటికీ మంగళవారానికి జరుగుతుంది, ప్రాక్టీస్‌కి ఒక రోజు తగ్గుతుంది. ఏ జట్టో చెప్పండి, క్యాలెండర్ చూసి చెప్తా.